రెండు మూడు చక్రాల బండ్లు

మూడు చక్రాల బండి అంటే చిన్నప్పటి నుంచి నాకు ఒక్కటే ఎరుక. వడ్లాయన చెక్కతోని చేసి ఇస్తడు. అడుగులు రాని పిల్లలు దాని పట్టె పట్టుకొని తోసుకుంట నడక నేర్చుకుంటరు. మా దిక్కు పిల్లలున్న ప్రతి ఇంట్ల ఒకటి ఉంటుండె. దుబాయ్ వచ్చినంక నాకు వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న సేటు, మా కఫీల్, ఇంటి ముందట మూడు చక్రాల మోటారు సైకిళ్ళు చూసి నోరు తెరిచిన. ముందట ఒక చక్రం, వెనుక రెండు, మూడూ బూరెల తీరుగ ఉబ్బిన టైర్లు. దాని మీద కూసొని ఇసుక దిబ్బలు ఎక్కుడు, దిగుడు. ఎందుకు అంటే ఊకెనే. మూట మొయ్యదు, మనిషిని పనికి తీసుకపోదు. ఇసుకల ఎగురుడు కోసం ఇంత ఇనుమా అని నాకు నవ్వొచ్చింది, జర కోపం కూడ వచ్చింది.

ఎనభైల మొదట్ల సంగతి. కఫీల్ ముసలాయన, మా పాస్‌పోర్టులు ఆయన పెట్టెలనే ఉండె. అల్ కుసైస్‌ల ఒక వర్క్‌షాపు, నాలుగు లారీలు ఉండె ఆయనకు. నేను డ్రైవర్‌ని. లారీ కింద దూరి నట్లు బిగించేది కూడ నేనే. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఇరవై ఏండ్లోడొకడు, వాని కంటే మూడేండ్లు చిన్నోడొకడు. చెరొక బండి. వాటిని పికప్ మీదికి ఎక్కించి హత్తా దారిల ఎర్ర దిబ్బల కాడికి నేనే తోలుకపోతుంటి.

ఒకసారి పెద్దోడు దిబ్బ మీది నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నడు. ఇంట్ల వాళ్ళ నాయినమ్మ ఒకటే లొల్లి. కొత్త బండ్లను ఊరందరికి కనబడేటట్టు పెట్టుకొని ఊరేగితే కన్ను తగలకుంట ఉంటదా అని. నాకు ఆ ముసలమ్మ మీద అప్పుడు మస్తు గౌరవం కలిగింది. దిష్టి అనేది మా ఊర్లనే ఉంటదనుకున్న, సముద్రం దాటి ఇక్కడ దాక వచ్చిందన్నమాట.

తెల్లారి కఫీల్ నన్ను పిలిచిండు. ఆయన మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. పికప్ వెనుక తగిలించుకునే ట్రైలర్ కావాలె, నాలుగు దిక్కుల మూసి ఉండాలె, రెండు బండ్లు లోపల పట్టాలె, బయటి కండ్లకు కనబడొద్దు అన్నడు. "మంచిది చూసి నువ్వే ఎంచు. అది వచ్చిన్నాడు నువ్వు చుట్టీ మీద ఇంటికి పో" అన్నడు.

ఆ చివరి మాట ఒక్కటే నా చెవుల పడ్డది. నేను దుబాయ్ ఎక్కినప్పుడు మా ఇంటామె ఐదు నెలల కడుపుతోని ఉండె. బిడ్డ పుట్టి పది నెలలు దాటింది. నా దగ్గర ఉన్నది ఒక ఫొటో. అండ్ల కూడ అది ఏడుస్తున్నది. మొన్న వచ్చిన క్యాసెట్‌ల మా ఇంటామె "పోరి గోడ పట్టుకొని నిలబడుతున్నది" అన్నప్పటి నుంచి నాకు తిండి సయించుడు బందైంది. బిడ్డ పుట్టినప్పుడు లేను. పళ్ళు వచ్చినప్పుడు లేను. మొదటి అడుగన్న నా కండ్ల ముందట పడాలె అని మొండి పట్టు పట్టిన. ఎవరి మీద పట్టిన్నో నాకే తెల్వదు.

అప్పట్ల ఉత్తరం రాయరాని వాళ్ళం, రాయొచ్చినా రాయ బుద్ధి కాని వాళ్ళం, క్యాసెట్‌లనే మాట్లాడి ఊరికి పోయేటోళ్ళతోని పంపుతుంటిమి. ఆ శుక్రవారం నేను టేప్ రికార్డర్ ముందట కూసొని సంబురంగ చెప్పిన: "ఇగో, ఇంటున్నవా. ఇక్కడ రెండు మూడు చక్రాల బండ్లు ఉన్నయి. వాటి కోసం మూసిన డబ్బా వెతుకుతున్న. డబ్బా దొరుకుడే ఆలస్యం, నేను వస్త." నాకు అండ్ల తప్పేం కనబడలేదు.

ఇగ వెతుకుడు మొదలైంది. నాతోని రూముల ఉండే నెల్లూరు భాయ్‌ని తోడు తీసుకున్న. ఆయన కార్లకు పెయింట్ కొట్టేటాయన, షార్జా దిక్కు గ్యారేజీలన్ని ఎరుక, అరబ్బీ నాకంటే బాగొచ్చు. "ఏంది భయ్యా, బండ్లకి కూడా బురఖానా?" అని మొదటి రోజే నవ్విండు.

వెతికే ముందు కొలత కావాలె గదా. టేపు పట్టి కొలిస్తే రెండు బండ్లు పక్కపక్కన పెట్టడానికి పెద్ద లారీ అంత వెడల్పు వస్తున్నది. ఒకదాని వెనుక ఒకటి పెడితే పొడుగు మస్తు అయితున్నది. పొడుగు ట్రైలర్ ఇసుక దారిల మల్లదు. వర్క్‌షాపు నేల మీద సుద్దతోని గీతలు గీసి, చెరిపి, మల్ల గీసి తల పట్టుకున్న. అప్పుడు భాయ్ అన్నడు, "మనం ఊరి నుంచి చుట్టాలొస్తే ఒక మంచం మీద ఇద్దరం ఎట్టా పడుకుంటాం? నీ తల ఇటు, నా తల అటు." నాకు టక్కున వెలిగింది. ఈ బండి ముందట సన్నం, వెనుక వెడల్పు. ఒకటి ముందు మొకం, ఒకటి వెనుక మొకం పెట్టి నూకితే, దీని సన్నటి మూతి దాని వెడల్పు నడుము పక్కన ఒదిగింది. హ్యాండిళ్ళు జర వంచితే చాలు. ఆరడుగుల వెడల్పు గీతల రెండూ పట్టినయి. భాయ్ నడుము మీద చేతులు పెట్టుకొని, "ఇంజినీర్లు అనాలి మనల్ని" అన్నడు.

షార్జాల పాత బండ్లు అమ్మే ఒక కాడ ఐసు చేపలు మోసిన డబ్బా ఒకటి కనబడ్డది. తెల్లగ, గట్టిగ, కొలతకు సరిగ్గ ఉన్నది. నేను లోపలికి పోయి మూలమూలలు తడిమి చూస్తున్న. భాయ్ చాయ్ తాగొస్తనని పోయిండు. గాలికో ఏమో తలుపు ధన్ మని మూసుకుంది. కొక్కెం బయటికే ఉన్నది. లోపలికి పిడి లేదు, సందు లేదు, చీకటి. ఇంత మందం గోడలాయె, నేను ఎంత మొత్తుకున్నా బయటికి ఏం వినబడ్తది? చేపల వాసనకు ముక్కు మూసుకున్న. చెమటకు అంగీ ఒంటికి అంటుకపోయింది. సచ్చిపోతనేమో అనిపించింది, అబద్ధమెందుకు. బిడ్డ మొకం గుర్తు తెచ్చుకుందామంటే ఏడుస్తున్న ఫొటోనే వస్తున్నది. నవ్వితే ఎట్లుంటదో నాకు తెల్వదు గదా. భాయ్ వచ్చి తలుపు తీసేసరికి నేను నేల మీద కూసొని ఏడుస్తున్న. ఆయన నవ్వబోయి, నా మొకం చూసి ఆగిండు. తన చాయ్ నా చేతికిచ్చిండు.

ఆ రోజు నాకొకటి తెలిసొచ్చింది. మూసిన డబ్బా అంటే ఊకె మూసుడు కాదు. పెట్రోలు పోసిన బండ్లు ఎండల మూసి పెడితే ఆవిరి లోపలనే నిండుతది, ఒక్క అగ్గిపుల్ల చాలు. పైన ఒకటి, కింద ఒకటి గాలి సందులు ఉండాలె. తలుపుకు లోపలి నుంచి కూడ తీసే పిడి ఉండాలె. చేపల డబ్బా వద్దన్న.

అంతల ఇంటి నుంచి క్యాసెట్ వచ్చింది. మా ఇంటామె గొంతుల నవ్వు ఆగుతలేదు. "ఇగో, రెండు మూడు చక్రాల బండ్లు అన్నవు, రెండా, మూడా? ఉన్నది ఒక్క పోరి, దానికి అన్ని బండ్లెందుకయ్యా! డబ్బాల పెట్టి తెస్తున్నవని మా అవ్వ వాడంత చెప్పింది. వడ్లాయన బండి చేస్తనని వచ్చిండు, వద్దన్న. వాళ్ళ నాయిన దుబాయ్‌ల నుంచి తెస్తుండు, నీ చెక్క బండి ఎవనికి కావాలె అన్న. పోరి నడుస్తనని ఎగుర్తున్నది. జర ఆగవే, నీ బండి వస్తున్నది అని కూసోబెడుతున్న. జల్ది రా."

భాయ్ పడీ పడీ నవ్విండు. నాకు మొదలు నవ్వొచ్చింది, ఎన్క గుండెల కలుక్కుమన్నది. నేను చెప్పిన మాటకు అక్కడ నా బిడ్డకు బండి లేకుంట పోయింది. పైగ నా కోసం కూసోబెడుతున్నరు. నడవాలె అని లేచిన పిల్లను నేను రాలేదని ఆపుతరా? ఎంత పని చేసిన నేను! అప్పుడే క్యాసెట్ పెట్టి, అవి మన పోరి బండ్లు కావు, కఫీల్ కొడుకుల మోటారు సైకిళ్ళు, వడ్లాయనను పిలువు, బిడ్డను ఆపకు అని చెప్పిన. అది ఇల్లు చేరేదెప్పుడు? ఊరికి పోయే మనిషి దొరకాలె, ఆయన బొంబాయి దిగాలె, అక్కడ నుంచి రైలెక్కాలె.

ఇగ నాకు కాళ్ళు నిలువలేదు. ఆ వారమే కఫీల్ కొడుకులు గుర్రాలు మోసే ట్రైలర్ ఒకటి పట్టుకొచ్చిన్రు. ఎర్ర రంగు, ఇత్తడి కొక్కాలు, వాళ్ళకు మస్తు నచ్చింది. కఫీల్ నా దిక్కు చూసి, "జైన్?" అన్నడు. బాగున్నదా అని. నేను ఒక్క మాట, జైన్ అంటే చాలు. ఎల్లుండి చుట్టీ.

నోటి దాక వచ్చింది. కాని చెయ్యి ఊకుంటదా, కింద కూసొని చూసిన. నేల చెక్క గుర్రాల ఉచ్చకు మెత్తబడి, గోటితోని గీకితే పొట్టు రాలుతున్నది. ఇరుసు చానా ముందటికి ఉన్నది, బరువు వెనుకకు పడితే పికప్ వెనుక భాగం లేస్తది, రోడ్డు మీద పాము లెక్క ఊగుతది. పిల్లలు ఆ పికప్‌ల కూసుంటరు. పెద్దోని చెయ్యికి కట్టు ఇంక ఊడలేదు. వాడు నా దిక్కు నవ్వుకుంట చూస్తున్నడు, యల్లా, కానియ్, జైన్ అను అన్నట్టు. నా బిడ్డ దగ్గరికి పోవాలని ఇంకొకాయన బిడ్డలను చావు మీదికి తోల్తనా? "మూ జైన్" అన్న. బాగలేదు అని. అని బయటికొచ్చి, లారీ టైరును ఒక్క తన్ను తన్నిన. కాలు వాచింది.

ఇంకొక పదిహేను రోజులకు దొరికింది. దేశం విడిచి పోతున్న ఒక ఇంజినీరు ఇంటి ముందట ఉండె అది. బయట అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్. వెనుక తలుపు కిందికి వాలి నేలకానితే అదే వాలు బల్ల అయితది, బండి నడిపించుకుంట ఎక్కించొచ్చు. పైన కింద గాలి సందులు. నేల మీద కట్టడానికి ఇనుప రింగులు. ఇరుసు నడిమికి జర వెనుక. నేను దాన్ని పికప్‌కు తగిలించి పది మైళ్ళు తోలి, దిగి, చక్రం నడిమి భాగం మీద చెయ్యి పెట్టి చూసిన. గోరువెచ్చగ ఉన్నది, బేరింగు మంచిగున్నట్టే. బండ్లు తలా తోకా పెట్టి నూకితే, సుద్ద గీతల పట్టినట్టే పట్టినయి. లోపలి నుంచి తీసే పిడి లేకుండె. అది నేనే వెల్డింగ్ చేసి పెట్టిన.

మొదటి శుక్రవారం ఎర్ర దిబ్బలకు పోయినం. ఇంటోళ్ళు అందరు సంబురపడ్డరు. నాయినమ్మ డబ్బా చుట్టూ తిరిగి ఏదో చదివి ఊదింది. ఇసుకల మూల మీద ఇంకొక బండి అడ్డం ఉంటే, నేను ట్రైలర్‌ను ఒక్క దెబ్బకు వెనక్కి నూకి మల్లించిన. ట్రైలర్ వెనక్కి పోవుడు అంటే అంత ఉల్టా, స్టీరింగ్ ఎడమకు తిప్పితే డబ్బా కుడికి పోతది. పెద్దోడు నాలుగు సార్లు చేసి చూసిండు, నాలుగు సార్లు డబ్బాను పికప్‌కు తాకించిండు. కఫీల్ నా భుజం తట్టిండు. ఇంత మంచి ట్రైలర్, ఇంత మంచి డ్రైవర్ దుబాయ్‌ల ఎవనికున్నడు అన్నడు. ఆ ఎన్కనే, "చలికాలం అయినంక చుట్టీ పో. వీళ్ళకు ఇది తోలరాదు గదా" అన్నడు.

నేనే ఎంచి, నేనే సరిజేసి, నాకు నేనే సంకెల వేసుకున్న. ఆ ఎర్ర గుర్రాల డబ్బాకు జైన్ అని ఉంటే ఈపాటికి ఇంట్ల ఉంటుంటి అని వారం రోజులు నన్ను నేను తిట్టుకున్న. భాయ్ మీద కూడ ఊకె లేచిన, పాపం.

అప్పుడే ఇంకొక క్యాసెట్ వచ్చింది. పగటి పూట వర్క్‌షాపుల లొల్లి ఉంటదని, టేప్ పట్టుకొని ట్రైలర్‌ల కూసొని తలుపు దగ్గరేసుకున్న. మా ఇంటామె ఈసారి నవ్వలేదు. "నీ మాట వచ్చింది. ఇగ ఆపుతలేను. వడ్లాయన పత్తి ఏరుడుకు పోయిండు, బండి చెయ్యలేదు. పోరి తనంతట తనే లేచింది. చూడు" అన్నది. క్యాసెట్‌ల చూడు అన్నది! "టేప్ అరుగు చివర పెట్టిన. నాయిన కాడికి పోవే, పో" అన్నది. గజ్జెలు చప్పుడైనయి. ఆగినయి. మల్ల అయినయి. నేను లెక్క పెట్టిన, ఐదు. దగ్గరికి వస్తున్న కొద్ది చప్పుడు పెద్దగైతున్నది. ఎన్క టేప్‌కు ఏదో తాకింది, చిన్న వేళ్ళో ఏమో, గరగర మన్నది. దాని ఊపిరి వినబడ్డది. నేను ఇవతల టేప్‌ను ఎదకు అదుముకొని, రావే, రావే అన్న. ఎవరికి అంటున్న?

అట్లనే లేచి కఫీల్ గదికి పోయిన. ఏం చెప్పాలెనో ముందుగాల అనుకోలేదు. ఆయన ఖర్జూరం తింటున్నడు, కూసోమని సైగ చేసిండు. కూసోలేదు. నాకొచ్చిన అరబ్బీల అన్న: "బింతీ తమ్షి." నా బిడ్డ నడుస్తున్నది అని. వాళ్ళ మాటల నడుచుడుకు, పోవుడుకు ఒకటే మాట. ఆయన నా తడి మొకం చూసి గాబరా పడ్డడు. నా బిడ్డ పోతున్నది అనుకున్నడు.

"వేన్?" అన్నడు. ఎక్కడికి?

రెండు వేళ్ళు చిన్న అడుగుల లెక్క నడిపించి, నా ఎద మీద చెయ్యి పెట్టుకొని చూపించిన. ఇక్కడికి అని.

ఆయనకు అర్థమైంది. ఖర్జూరం పళ్ళెంల పెట్టేసిండు. చేతులు తుడుచుకొని హిందీల చెప్పుకొచ్చిండు. ఇక్కడ నూనె దొరకక ముందు ఆయన కూడ కువైట్‌కు కూలికి పోయిండట. రాళ్ళు మోసిండట. మనం దుబాయ్ అన్నట్టు ఆయన కువైట్ అన్నడు, అదే తీరు. పెద్దోడు నడిచిన్నాడు ఆయన అక్కడనే ఉండె. తిరిగొచ్చేసరికి వాడు వాకిట్ల ఉరుకుతున్నడట.

"మొదటి అడుగు ఎటు దిక్కు వేసిండో వాళ్ళ అమ్మను అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్న" అన్నడు. "సిగ్గయింది. మొగోన్ని గదా. రేపడుగుత, రేపడుగుత అనుకున్న. ఇప్పుడామె లేదు."

పెట్టె తెరిచి నా పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టిండు. "ట్రైలర్ వెనక్కి తోలుడు వాళ్ళకు నేను నేర్పుత, నాకూ రాదు" అన్నడు. "నువ్వు పొయ్యి, మొదలు మీ ఇంటామెను అడుగు."